తాళం తిప్పితే విమానం మోత: క్రైస్లర్ టర్బైన్ కారు కథ

[దృశ్యం: నలుపు తెర. సన్నగా మొదలై పెరుగుతున్న ఊళ.]

ఈ శబ్దం విన్నారా? రన్‌వే మీద బయల్దేరబోతున్న విమానం అనుకుంటారు. కాదు. 1963లో అమెరికాలో మామూలు కుటుంబాలు ఇంటిముందు నిలుపుకున్న కారు ఇది.

[దృశ్యం: రాగి రంగు కారు, ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా కదిలే కెమెరా.]

పేరు క్రైస్లర్ టర్బైన్. అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ దీనికి పెట్టింది విమానాల్లో ఉండే తరహా టర్బైన్ ఇంజిన్, అంటే వేడి గాలి తోపుతో రెక్కల చక్రాలు తిరిగే ఇంజిన్. బాడీలు ఇటలీలోని ట్యూరిన్‌లో, ఘియా వర్క్‌షాపులో చేతిపనితో తయారయ్యాయి. హెడ్‌లైట్ల చుట్టూ చూడండి, టర్బైన్ రెక్కల్లాంటి గాట్లు. చక్రాల మూతల మీదా అవే. లోపల సీట్లు కూడా రాగిరంగు తోలే. డిజైనర్ ఎల్‌వుడ్ ఎంగెల్ ఇంజిన్‌ను బానెట్ కింద దాచి ఊరుకోలేదు, కారంతటా దాన్నే కనిపించేలా చేశాడు. నాకైతే ఇప్పటికీ ఇంత అందంగా తన ఇంజిన్ గురించి చెప్పుకున్న కారు మరొకటి కనిపించలేదు.

[దృశ్యం: ఎదురెదురుగా రెండు టేబుల్ ఫ్యాన్లు.]

ఇది ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే ఇంట్లో ఒక చిన్న పని చేసి చూడండి. ఒక ఫ్యాన్ స్విచ్ వేసి, దానికి ఎదురుగా ప్లగ్ తీసేసిన ఇంకో ఫ్యాన్ పెట్టండి. గాలికి రెండోది కూడా తిరుగుతుంది. టర్బైన్ కారులో జరిగేది దాదాపు ఇదే. లోపలికి పీల్చిన గాలిని గట్టిగా నొక్కి, అందులో ఇంధనం మండిస్తారు. ఆ వేడి గాలి ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాని వెనకే, దానికి తగలకుండా ఉన్న రెండో చక్రాన్నీ తిప్పుతుంది. కారును నడిపేది ఆ రెండోది. పిస్టన్లు లేవు, కాబట్టి వణుకు లేదు. మామూలు ఇంజిన్‌తో పోలిస్తే కదిలే భాగాలు చాలా తక్కువ.

ఇంధనం సంగతి ఇంకా వింత. డీజిల్ పోసినా, కిరసనాయిలు పోసినా, వేరుశనగ నూనె పోసినా నడుస్తుంది. మెక్సికోలో టెకీలా అనే మద్యం పోసి కూడా నడిపి చూపించారు. కానీ ఒక్కటి పడదు. అప్పట్లో ప్రతి బంకులో దొరికే సీసం కలిపిన పెట్రోలు! ఆ సీసం లోపలి భాగాలకు పట్టుకుంటుంది.

[దృశ్యం: ఉత్తరాల కట్టలు, అమెరికా పటం.]

కంపెనీ 50 కార్లు తయారుచేసి (ముందు పరీక్షకు చేసిన నమూనా కార్లు మరో 5), వాటిని అమ్మకుండా జనానికి వాడుకోమని ఇచ్చింది. మొత్తం 203 మంది, ఒక్కొక్కరికి మూడు నెలలు. కారు ఉచితం, ఇంధనం ఖర్చు మాత్రం వాళ్లదే. మాకివ్వండి అంటూ 30,000కు పైగా ఉత్తరాలు వచ్చాయి. 1966 జనవరి నాటికి ఈ కార్లు కలిపి పది లక్షల మైళ్లకు పైగా తిరిగాయి. రోడ్డు మధ్యలో ఆగిపోయి పరువు తీసిన బండి కాదిది. అందుకే దీని కథ బాధ కలిగిస్తుంది.

[దృశ్యం: సిగ్నల్ దగ్గర ఆగిన కార్లు.]

మరి ఎక్కడ దెబ్బతింది? ఇదిగో, ఇక్కడే. సిగ్నల్ దగ్గర.

మామూలు కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 800 సార్లు అటూఇటూగా తిరుగుతుంది. ఇది ఆగి ఉన్నా సుమారు 22,000 సార్లు తిరగాలి. అంటే కదలకుండానే ఇంధనం తాగుతూ ఉంటుంది. పచ్చలైటు పడ్డాక పెడల్ తొక్కితే, మొదటి చక్రం వేగం అందుకుని, ఆ గాలి రెండోదాన్ని తోసేదాకా ఆగాలి. సెకనుకు పైగా పడుతుంది. వినడానికి చిన్నదే, కానీ వెనక కారు హారన్ కొడుతుంటే ఆ సెకనులో ఎంత టెన్షనో డ్రైవింగ్ చేసేవాళ్లకు తెలుసు. ఒకే వేగంతో గంటల తరబడి వెళ్లే విమానానికి టర్బైన్ సరిగ్గా సరిపోతుంది. ఆగుతూ, కదులుతూ, మళ్లీ ఆగే ఊరి ప్రయాణం దాని స్వభావానికే విరుద్ధం.

ఇంజిన్ లోపలి వేడిని తట్టుకునే లోహాలతో తయారీ ఖర్చు కూడా ఎక్కువే. తర్వాత పొగ మీద నిబంధనలు కఠినమయ్యాక, అంత వేడిలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు ఇంకో చిక్కు. ఇంజనీరు జార్జ్ హ్యూబ్నర్ బృందం ఒక తరం తర్వాత ఇంకో తరం ఇంజిన్ చేస్తూనే పోయింది. 1979లో క్రైస్లర్ దివాలా అంచుకు చేరి ప్రభుత్వ రుణహామీతో బతికి బయటపడింది. ఆ తర్వాత టర్బైన్ పనీ ఆగిపోయింది.

[దృశ్యం: మంటల్లో కారు. తర్వాత నలిగిన రేకు.]

కార్లు మాత్రం అంతకు చాలా ముందే పోయాయి. 55లో 46ను కంపెనీయే నాశనం చేయించింది. ఇటలీ బాడీల మీద దిగుమతి సుంకం కట్టాల్సి వస్తుందని అలా చేశారని ఎక్కువమంది చెబుతారు. కారణం ఏదైనా, చేతులతో మలిచిన ఆ రాగిరంగు రేకులు మంటల్లో కమిలిపోవడం చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

మిగిలినవి 9. డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఒకటుంది. సెయింట్ లూయిస్‌లోని రవాణా మ్యూజియంలో ఉన్నదాన్ని నడిచే స్థితిలో కాపాడుకున్నారు.

[దృశ్యం: తాళం చెవి తిప్పుతున్న చెయ్యి. ఊళ మళ్లీ మొదలవుతుంది. తెర నల్లబడినా శబ్దం కొనసాగుతుంది.]