స్వీనీ టాడ్ కుర్చీ

శ్రోతలకు నమస్కారం.

సెలూన్‌లో తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాక, కత్తి చల్లగా మెడకు తగిలే క్షణం ఒకటుంటుంది. పేరైనా తెలియని మనిషికి గొంతు అప్పగించేసి కూర్చుంటాం. అయినా ఏ టెన్షనూ ఉండదు, కొందరమైతే కునుకు కూడా తీస్తాం. సరిగ్గా ఆ నమ్మకం మీదే దెబ్బ కొట్టినవాడు స్వీనీ టాడ్.

ఇతను లండన్ మనిషి. మనిషంటే కథలో మనిషే లెండి. 1846 నవంబరులో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ప్రచురణకర్త తన వారపత్రికలో ‘ద స్ట్రింగ్ ఆఫ్ పెరల్స్’ అనే సీరియల్ మొదలుపెట్టాడు. అంటే ముత్యాల దండ. పత్రిక వెల ఒక్క పెన్నీ. రాసినవాడి పేరు వేయలేదు. జేమ్స్ మాల్కమ్ రైమర్ అని కొందరు, థామస్ ప్రెస్ట్ అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

కథ జరిగేది 1785లో. ఫ్లీట్ స్ట్రీట్‌లో సెయింట్ డన్‌స్టన్ చర్చి పక్కన టాడ్ సెలూన్. ఓడ దిగి వచ్చిన థార్న్‌హిల్ అనే ఆయన, జొహానా అనే అమ్మాయికి అందించాల్సిన ముత్యాల దండ దగ్గర పెట్టుకుని, గడ్డం గీయించుకుందామని లోపలికి వెళ్తాడు. మళ్లీ బయటికి రాడు. అతని కుక్క మాత్రం అక్కణ్ణించి కదలదు.

ఆ కుర్చీ పనితనం చూడండి. కుర్చీ నేలచెక్కకు బిగించి ఉంటుంది. టాడ్ ఏదో వంకతో పక్కగదిలోకి వెళ్తాడు, అక్కడ గడియ తీస్తాడు. చెక్క గిర్రున తిరిగి, కూర్చున్నవాడు తలకిందులుగా నేలమాళిగలో పడతాడు. చెక్క అడుగువైపు బిగించిన రెండో కుర్చీ పైకొచ్చి నిలబడుతుంది. మనిషి మాయం, కుర్చీ ఎక్కడిదక్కడే!

శవాలేమయ్యేవి? దగ్గర్లోనే బెల్ యార్డ్‌లో మిసెస్ లవెట్ దుకాణం. అక్కడ ‘పై’లు అమ్మేది. మన బేకరీ కర్రీ పఫ్‌కి పెద్దన్నయ్య అనుకోండి, లోపల మాంసం కూరి కాలుస్తారు. మధ్యాహ్నం 12 గంటలకు వేడివేడి వాయి దిగేసరికి, చుట్టుపక్కల లాయర్ల దగ్గర పనిచేసే గుమాస్తా కుర్రాళ్లంతా ఒకర్నొకరు తోసుకుంటూ ఎగబడేవాళ్లు. ఇక నేను వివరంగా చెప్పనక్కర్లేదు. మీలో భోజనం దగ్గరున్నవాళ్లు కూడా ఉండొచ్చు.

ఈ టాడ్ ఇదంతా ఎందుకు చేశాడు? డబ్బు కోసం. అంతే. సీరియల్ పూర్తి కాకముందే, 1847లో హాక్స్‌టన్‌లోని బ్రిటానియా థియేటర్ అతన్ని రంగస్థలం మీదికి ఎక్కించింది. 1936లో టాడ్ స్లాటర్ అనే నటుడు సినిమాలో ఆ వేషం కట్టాడు. స్లాటర్ అంటే ఊచకోత, పేరు కూడా భలే కుదిరింది! అప్పటిదాకా టాడ్ ఉత్త దుర్మార్గుడే.

1973లో క్రిస్టఫర్ బాండ్ అనే నాటకకర్త, మన సినిమా భాషలో చెప్పాలంటే, టాడ్‌కి ఒక ఫ్లాష్‌బ్యాక్ ఇచ్చాడు. అసలు పేరు బెంజమిన్ బార్కర్. అతని భార్య మీద కన్నేసిన జడ్జి, చేయని నేరానికి అతన్ని ఆస్ట్రేలియాకు పంపించేస్తాడు. ఏళ్ల తర్వాత బార్కర్ పగతో తిరిగొస్తాడు. ఆ నాటకం ఆధారంగానే స్టీఫెన్ సాండ్‌హైమ్ 1979లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకి సంగీత నాటకం కట్టాడు. దానికి నాటకాలకిచ్చే టోనీ అవార్డులు ఎనిమిదొచ్చాయి. అందులో టాడ్ తన కత్తులను నేస్తాల్లారా అని పలకరిస్తూ పాడతాడు. 2007లో టిమ్ బర్టన్ సినిమాలో జానీ డెప్ చేసింది కూడా ఈ టాడ్‌నే.

సంగీతం గొప్పదే, కాదనను. కానీ నాకు భయం వేసేది మాత్రం ఆ పాత టాడ్‌ని చూస్తేనే. పగబట్టినవాడు ఎవర్ని వెతుకుతున్నాడో మనకు తెలుస్తుంది. పాత టాడ్‌కి మీ మీద కోపమేమీ లేదు, మీ జేబులో ఏముందన్నదే లెక్క.

ఓల్డ్ బెయిలీ కోర్టు రికార్డుల్లో వెతికినవాళ్లకు ఇలాంటి కేసే దొరకలేదు. అయినా నిజంగా జరిగిందని నమ్మేవాళ్లు ఉన్నారు. అందుకు ఆ సీరియల్ చివరి మాటలు కూడా కొంత కారణమేమో. ఆ దుకాణంలో లొట్టలేసుకుంటూ తిన్న కుర్రాళ్లలో ఒక్కడే బతికున్నాడట, పండు ముసలివాడు. దూడమాంసమనుకుని తిన్న ఆ రుచి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరించి, ఓ గుక్క బ్రాందీ పుచ్చుకోవాల్సి వస్తుందట.