క్లోమం క్యాన్సర్ వచ్చిన ఇంట్లో వంట
(కావలిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ధైర్యం చెప్పేవాళ్లు మనకు కరువా? నేను తిండి గురించి చెప్తాను. మా ఆయనకు ఈ జబ్బు వచ్చాక నాకు బాగా తెలిసొచ్చింది అదే.

క్లోమం, అదే పాంక్రియాస్, కడుపు వెనకాల అడ్డంగా ఉంటుంది. ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే, తిన్నది అరిగించే రసాలు ఊరేదీ అక్కడే. చాటున ఉండడంతో జబ్బు ముదిరేదాకా బయటపడదు. ఆపరేషన్‌కు వీలైన దశలో దొరికేది నూటికి 15, 20 మందికే. మా ఆయనకు గడ్డ పెద్ద రక్తనాళాన్ని చుట్టేసింది, కొయ్యడానికి లేదన్నారు. కీమో నడుస్తోంది.

మొదట కామెర్లు కనపడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒళ్లంతా దురద, మలం తెల్లబారింది. మన వైపు కామెర్లంటే ఏం చేస్తారో మీకు చెప్పాలా? పసరు పోయించమని మా వీధి వీధంతా చెప్పింది. పైత్యం దిగే గొట్టాన్ని గడ్డ నొక్కేస్తే పసరు ఏం చేస్తుంది? ఎండోస్కోపీతో స్టెంటు వేశాకే కామెర్లు దిగాయి. వయసు మళ్లినవాళ్లకు నొప్పి లేకుండా కామెర్లు వచ్చినా, ఊరికే బరువు తగ్గుతూ కొత్తగా షుగరు బయటపడినా ముందు డాక్టరుకు చూపించి స్కానింగ్ తీయించండి.

ఇక తిండి. "ఏందక్కా, బావ ఇట్టా చిక్కిపోయినాడు, అన్నం పెట్టట్లేదా?" అన్నాడు మా తమ్ముడు. పెడుతున్నా, ఒంటికి పట్టట్లేదు. మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ, ఎంత నీళ్లు కొట్టినా పోయేది కాదు. సభలో ఈ మాటలేంటని అనుకోవద్దు, డాక్టరుకు దాచకుండా చెప్పాల్సింది ఇదే. తిన్న కొవ్వు అరగట్లేదని దానర్థం. అందుకు ఎంజైమ్ క్యాప్సూళ్లున్నాయి. భోంచేసి చెయ్యి కడుక్కున్నాక వేసుకుంటే లాభం లేదు. మొదటి ముద్దతో ఒకటి, ఎక్కువ తింటే మధ్యలో ఇంకొకటి. ఎన్ననేది డాక్టరు చెప్తారు. వీటిని పంది క్లోమం నుంచి తీస్తారు, పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోండి.

వచ్చినవాళ్లందరూ జావ పొయ్యమంటారు, నెయ్యి మానిపించమంటారు. మాకు డైటీషియన్ చెప్పింది దానికి పూర్తిగా ఎదురు. గుడ్డు, చేప, పప్పు, నెయ్యి, ఏవైతే ఒంటికి బలమో అవే, క్యాప్సూల్‌తో పాటు. పళ్లెం నిండా పెట్టకుండా, రోజుకు ఆరేడు సార్లు కొంచెం కొంచెం. నోరు పూసి ఉంది కదా అని కారం, పులుపు తగ్గించి బొమ్మిడాయిల పులుసు పెడితే, "ఇది నెల్లూరు పులుసు కాదు, ఆసుపత్రి పులుసు" అన్నారు. అంటూనే రెండోసారి వేయించుకున్నారు.

కీమోలో ఆక్సాలిప్లాటిన్ అని ఒక మందుంది. అది ఎక్కాక కొన్నాళ్లు చల్లదనం పడదు. పెరుగు గిన్నె పట్టుకుంటే వేళ్లకు కరెంటు కొట్టినట్టుంటుంది, చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేస్తుంది. రోహిణీ కార్తెలో ఊలు గ్లౌజులు తొడుక్కుని ఫ్రిజ్ తీసే మనిషిని ఎక్కడైనా చూశారా? మా ఇంటికి రండి.

మా అబ్బాయి సెల్లులో 2011 నాటి ఫ్రాన్సు పరిశోధన చదివి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వేరే అవయవాలకు పాకినవాళ్లలో, నాలుగు మందులు కలిపిన ఫోల్ఫిరినాక్స్ అనే కీమోతో బతికింది 11.1 నెలలు, పాత మందుతో 6.8 నెలలు అని ఉందట. నేను లెక్కల టీచర్ని. అది మధ్యగతంరా, సగం మంది అంతకంటే ఎక్కువే బతికారు, పైగా మీ నాన్నది ఆ దశ కాదు అని చెప్పాను. జబ్బు మొండిదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మార్ఫిన్ రాయగానే "ఇక అయిపోయింది" అని ఏడ్చారు మావాళ్లు. నొప్పి ఉన్నప్పుడు వాడే మందది, చివరి ఘడియ మందు కాదు. అది వేసుకున్నాకే ఆయన పినాకిని రైల్లో చెన్నై దాకా కూర్చుని వెళ్లగలుగుతున్నారు. మలబద్ధకం చేస్తుంది, దానికి మందు మొదటి రోజునుంచే అడగండి. కీమో రోజుల్లో జ్వరం 100.4 తాకితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. అర్ధరాత్రైనా సరే, ఫైలు పట్టుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రికి పోవాల్సిందే. జలుబు, దగ్గు ఉన్న చుట్టాలు మాత్రం ఫోన్‌లోనే పలకరిస్తే చాలు.

ఆయన మూడో వరసలో కూర్చున్నారు. కీమో సంగతులు ఆయన్నే అడగండి. టీ ఇచ్చేటప్పుడు మాత్రం నన్నొక కేకెయ్యండి. అందులో పాలుంటాయి, క్యాప్సూళ్లు నా సంచిలో ఉన్నాయి.