డ్రమ్మర్ లేని చోట: స్లై స్టోన్ మీద చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. 1969 ఆగస్టులో, అమెరికాలోని వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో, నిద్రమత్తులో ఉన్న జనాన్ని తెల్లవారకముందే లేపి ఆడించాడు గాయకుడు స్లై స్టోన్. అదే మనిషి లాస్ ఏంజెలెస్‌లో వ్యాన్‌లో బతుకుతున్నాడని 2011లో పత్రికలు రాశాయి. 2025 జూన్ 9న, 82 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మేడమ్, ఎక్కడ చెడింది?

విమర్శకురాలు: అప్పుడే పతనానికి వెళ్లిపోయారే! ముందు ఎంత ఎత్తుకు ఎక్కాడో చూద్దాం. టెక్సాస్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని వలేహోలో చర్చి పాటల మధ్య పెరిగాడు. అసలు పేరు సిల్వెస్టర్ స్టీవర్ట్. ఇరవై ఏళ్లు దాటేసరికే రికార్డుల నిర్మాత, శాన్‌ఫ్రాన్సిస్కోలో రేడియో గొంతు. నల్లజాతి శ్రోతల స్టేషన్‌లో బీటిల్స్ పాటలు కూడా వేసేవాడు. తర్వాత కట్టిన బృందమూ అలాంటిదే. నల్లవారూ తెల్లవారూ కలిసి వాయించారు. స్త్రీలు వెనక నిలబడి వంత పాడడానికే పరిమితం కాలేదు, సింథియా రాబిన్సన్ ట్రంపెట్ ఊదేది.

బేస్ గిటారిస్టు: ఆ బృందంలో బేస్ గిటార్ వాయించిన మా లారీ గ్రాహమ్‌ని వదిలేశారు.

విమర్శకురాలు: మీరున్నారుగా, మీకోసమే ఉంచాను.

బేస్ గిటారిస్టు: స్లై దగ్గరికి రాకముందు లారీ తల్లితో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు. డ్రమ్మర్ లేడు. ఆ లోటు పూడ్చడానికి ఇలా, (గిటార్ అందుకుని) బొటనవేలితో తీగను కొడితే అది పెద్ద డ్రమ్ము. వేలితో తీగను లాగి వదిలితే, ఈ ‘టప్’మనేది స్నేర్ అనే చిన్న డ్రమ్ము దెబ్బ. మృదంగానికి తొప్పి, వలంతల ఉన్నట్టు రెండూ ఒకే చేతిలో! 1970లో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కిన ‘థ్యాంక్ యూ’ పాట నడక మొత్తం దీని మీదే. ఈ పద్ధతినే స్లాప్ అంటారు, ఈ రోజు అలా వాయించే ప్రతివాడూ ఆ తల్లీకొడుకులకు బాకీ.

వ్యాఖ్యాత: అదే ఏడాది కచేరీలు ఎగ్గొట్టడం మొదలైంది కదా?

విమర్శకురాలు: 80లో 26 అని లెక్క. జులైలో షికాగో గ్రాంట్ పార్కులో స్లై వేదిక ఎక్కకముందే జనం తిరగబడ్డారు, పెద్ద గొడవ అయింది. కొకెయిన్ అప్పటికే ఇంట్లో మనిషైపోయింది. కానీ 1971 ఆల్బమ్ ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ పతనంలోంచే పుట్టింది. డ్రమ్మర్ గ్రెగ్ ఎరికో తప్పుకున్నాడు. స్లై ఒక పెట్టె పెట్టుకున్నాడు. రిథమ్ కింగ్ అని, ఆర్గన్ వాయించేవాళ్లకు తోడుగా తాళం వేసే యంత్రం. మీట నొక్కితే టిక్కు టిక్కుమంటుంది.

వ్యాఖ్యాత: అంటే డ్రమ్మర్ వెళ్లాడు కాబట్టి యంత్రం వచ్చిందా?

విమర్శకురాలు: అంత తేలిగ్గా చెప్పలేం, దానితో ముందే ప్రయోగాలు చేశాడు. కానీ ఆ ఆల్బమ్‌లో పక్కన మనిషి లేని గది వినిపిస్తుంది. ఒకే టేపు మీద పదే పదే రికార్డు చేయడంతో శబ్దం మసకబారింది. అందులోని ‘ఫ్యామిలీ అఫైర్’ కూడా మొదటి స్థానానికి వెళ్లింది.

బేస్ గిటారిస్టు: నాకు ఆ మసక నచ్చదు, క్షమించాలి. గొప్ప బృందం చేతిలో ఉండగా ఒంటరిగా గదిలో కూర్చోవడమేమిటి? 1972లో లారీ కూడా వెళ్లిపోయాడు. ఇదంతా మత్తుమందు చేసిన పని.

విమర్శకురాలు: మత్తు ఒక్కటే అయితే ఆల్బమ్ ఇంత పదునుగా ఉండదు. డబ్బు సంగతీ చూడండి. 1974లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేల మంది మధ్య పెళ్లి. ఏడాది తిరగకుండా అదే ఊళ్లో రేడియో సిటీ హాలు కచేరీల్లో కుర్చీలు ఖాళీ. తర్వాత పాటల ప్రచురణ హక్కులు మైకేల్ జాక్సన్ చేతికి పోయాయి. 2015లో రాయల్టీల దావాలో జ్యూరీ 50 లక్షల డాలర్లు ఇవ్వాలంది. ఆ రాయల్టీలు ఎప్పుడో ఒక నిర్మాణ కంపెనీకి రాసిచ్చాడని తేలి, ఆ డబ్బూ చేతికి రాలేదు.

బేస్ గిటారిస్టు: ఆ సంతకం పెట్టిన చెయ్యి ఏ స్థితిలో ఉందో కూడా అడగాలి కదా?

విమర్శకురాలు: పెట్టించుకున్నవాళ్లనూ అడగాలి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. కొత్తగా వినేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

విమర్శకురాలు: నేనైతే ‘ఫ్యామిలీ అఫైర్’ అంటాను.

బేస్ గిటారిస్టు: ‘థ్యాంక్ యూ’. ఒక మాట, ఫోను స్పీకరులో వినకండి. లారీ బొటనవేలు అందులో వినిపించదు.