‘ఓర్నాయనో’ అంటే తప్పేంటి?

(పిల్లల కార్టూన్ల మీద బెంగళూరు స్టూడియోలో జరిగిన తెలుగు చర్చలో కొంత భాగం)

యాంకర్: మారతహళ్ళి నుంచి ఒక ప్రేక్షకురాలు వచ్చారు. ఆమెతో పాటు ఒక డబ్బింగ్ రచయిత, రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. అమ్మా, బాబు టీవీ ఎక్కువ చూస్తున్నాడనే కదా మీ ఫిర్యాదు?

ప్రేక్షకురాలు: కాదండీ, చూడమనేది నేనే. అపార్ట్‌మెంట్ కింద ఆడుకునేటప్పుడు హిందీ, ఇంగ్లీషు. స్కూల్లో కన్నడ. మేమిద్దరం కాక వాడికి తెలుగు వినిపించేది కార్టూన్లలోనే. మొన్న పాల గ్లాసు చెయ్యి జారింది. నేలంతా పాలు. ఏడేళ్ల వెధవ నడుం మీద చేతులు పెట్టుకుని, ‘అయ్యో లేదు! ఇలా జరగడానికి వీల్లేదు!’ అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలీలేదు. ఏ తెలుగింట్లో అంటారండీ అలా?

యాంకర్: (నవ్వుతూ) రచయితగారూ, ఇది మీ ఖాతాలోకే.

డబ్బింగ్ రచయిత: ఒప్పుకుంటాను. ‘ఓ నో’ని మక్కికి మక్కి దించితే వచ్చేది అదే. మా ఇబ్బందల్లా పెదాలతో. ప, బ, మ అంటే పెదాలు మూతపడాలి, ‘ఓ’ అంటే గుండ్రంగా తిరగాలి. బొమ్మ నోరు ఆడినంతసేపట్లోనే మాట అయిపోవాలి. మన వాక్యమేమో సాగుతుంది. అందుకే రైలు తప్పిపోతున్నట్టు మాట్లాడిస్తాం.

మాస్టారు: పెదాలే సమస్యయితే ‘ఓర్నాయనో’ ఉంది కదయ్యా! మొదట ఓ, చివర నో. ఇంకేం కావాలి?

డబ్బింగ్ రచయిత: రాశాను మాస్టారూ. ‘మరీ పల్లెటూరి మాటలా ఉంది, మార్చండి’ అన్నారు. అన్ని జిల్లాల పిల్లలకీ నప్పాలని చివరికి ఏ జిల్లాదీ కాని తెలుగు మిగులుతుంది.

మాస్టారు: నాకు ఒళ్లు మండేది ఇంకొకటి. ఛోటా భీమ్ తయారైంది హైదరాబాద్‌లో, గ్రీన్ గోల్డ్ అనే యానిమేషన్ కంపెనీ వాళ్ల దగ్గర. 2008లో పోగో ఛానెల్‌లో మొదలైంది. హిందీలో మాట్లాడి, ఆ తర్వాత డబ్బింగ్‌లో మన దగ్గరికి వచ్చాడు. పక్కింటి కుర్రాడు ఢిల్లీ చుట్టుకుని మన గుమ్మం ఎక్కినట్టు!

ప్రేక్షకురాలు: ఆ భీమ్‌లా లడ్డూ తింటే బలం వస్తుందని మావాడి నమ్మకం, అది వేరే గొడవ. సినిమాలు కాస్త నయం. 2019లో ఫ్రోజెన్ 2 వచ్చినప్పుడు తెలుగు ఎల్సాకి గొంతిచ్చింది నిత్యా మీనన్, మన బెంగళూరు అమ్మాయే. అదే ఏడాది లయన్ కింగ్‌లో పుంబా, టిమోన్‌లకి బ్రహ్మానందం, అలీ. వాళ్లు మాట్లాడుకుంటుంటే మావాడి కంటే మా ఆయనే ఎక్కువ నవ్వారు. అలాగని మాస్టారూ, నాకు గ్రాంథికమూ వద్దు. కార్టూన్‌లో అమ్మకి కోపమొస్తే ‘నీ ప్రవర్తన నన్ను నిరాశపరిచింది’ అంటుంది. నేనైతే ‘ఒక్కటిచ్చానంటే!’ అంటాను.

డబ్బింగ్ రచయిత: అది రాస్తే పిల్లల్ని కొట్టడం చూపిస్తున్నారంటారు.

ప్రేక్షకురాలు: ‘నీ పని చెప్తా ఉండు’ అనండి. దానికేం?

డబ్బింగ్ రచయిత: (కాగితం మీద రాసుకుంటూ) ఇది సరిపోతుంది. పెదాలు రెండుసార్లే మూతపడతాయి.

యాంకర్: ఇంతకీ ఆ పాలు ఎవరు తుడిచారమ్మా?

ప్రేక్షకురాలు: ఇంకెవరు, నేనే. వాడు పక్కన నిలబడి, ‘నేను నీకు ఏ విధంగా సహాయపడగలను?’ అన్నాడు.