సుబోతివ్: ఒక పల్లె, ఒక పదవి పేరు

[తెరపై: 5 హ్రివ్నియాల కాగితపు నోటు వెనుక వైపు]

ఉక్రెయిన్ వారి 5 హ్రివ్నియాల నోటును తిప్పి చూస్తే ఇల్లిన్స్కా అనే చర్చి బొమ్మ కనిపిస్తుంది. చెర్కాసీ ఒబ్లాస్త్‌లో, అంటే చెర్కాసీ రాష్ట్రంలో, చిహిరిన్ పట్టణానికి దగ్గరలో ఉన్న సుబోతివ్ అనే పల్లెలో ఆ చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ పల్లె కథను 'స్తారొస్తా' అనే పదవి పేరును పట్టుకుని చెప్పుకోవచ్చు.

ఈ ప్రాంతం పోలండ్ రాజుల ఏలుబడిలో ఉన్నప్పుడు స్తారొస్తా అంటే రాజు తరఫున ఒక ప్రాంతాన్ని ఏలే అధికారి. చిహిరిన్ స్తారొస్తా కింద ఉప అధికారిగా పనిచేసిన మిఖాయిలో ఖ్మెల్నిత్స్కీ ఇక్కడ ఇల్లు, పొలం, పశువుల కొట్టాలు కలిసిన 'ఖూతిర్' ఏర్పరచుకున్నాడు. ఆయన 1620లో త్సెత్సోరా యుద్ధంలో మరణించగా, ఆస్తి కొడుకు బొహ్దాన్‌కు దక్కింది. తండ్రి చేసిన ఆ ఉద్యోగంలోకే తర్వాత వచ్చిన చాప్లిన్స్కీ 1647లో ఖూతిర్‌ను బలవంతంగా ఆక్రమించుకున్నాడు. ఎక్కడ మొర పెట్టుకున్నా న్యాయం దొరకని బొహ్దాన్ ద్నీపర్ నది దిగువన ఉండే జపోరోజియా కొసాక్కులనే స్వతంత్ర యోధుల దగ్గరికి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఆయన నాయకత్వంలో మొదలైన తిరుగుబాటు తూర్పు ఐరోపా పటాన్నే మార్చింది. అంత పెద్ద తిరుగుబాటుకు ఒక్క పొలం తగాదాయే కారణమనడం సరికాదు గానీ, పై అధికారి చేతిలో నష్టపోయిన పల్లెవాడికి చెప్పుకునే చోటు లేకపోవడం ఎంత దూరం తీసుకుపోతుందో ఈ ఘటన చూపిస్తుంది.

[తెరపై: ఇల్లిన్స్కా చర్చి గోడలు, తుపాకీ రంధ్రాలు]

కొసాక్కుల అధినేత, అంటే హెత్మాన్ అయిన బొహ్దాన్ 1653లో కోటలాంటి మందపాటి గోడలతో ఈ చర్చిని కట్టించాడు. 1657లో మరణించిన ఆయనను ఇందులోనే ఖననం చేశారు. 1664లో పోలిష్ సేనాని చార్నెత్స్కీ ఊరిని తగలబెట్టించి, సమాధిలోని అస్థికలను బయట పారవేయించాడని చెబుతారు. అవి ఇంతవరకూ దొరకలేదు.

1793లో ఈ నేల రష్యా సామ్రాజ్యంలో కలిసింది, తర్వాత కీవ్ గుబేర్నియా అనే రాష్ట్రంలో చిహిరిన్ పొవిత్ అనే జిల్లాకు చెందింది. సోవియట్ కాలంలో ఊరికి 'సిల్స్కా రాదా', అంటే గ్రామ మండలి వచ్చింది, దాని పైన జిల్లా లాంటి రాయోన్ వచ్చింది, 1954లో చెర్కాసీ ఒబ్లాస్త్ ఏర్పడింది. మండలి ఉన్నా, అసలు ఆజ్ఞలు కమ్యూనిస్టు పార్టీ నుంచే వచ్చేవి. 1932-33లో ధాన్యం బలవంతంగా సేకరించడంతో ఉక్రెయిన్ పల్లెల్లో లక్షల మంది ఆకలితో చనిపోయిన సంగతిని మరచి ఆ వ్యవస్థ గురించి మాట్లాడలేము.

2015లో మొదలైన వికేంద్రీకరణతో పల్లెలను కలిపి 'హ్రోమాద' అనే స్థానిక సంస్థలను ఏర్పరిచారు. 2020 జులైలో దేశంలోని 490 రాయోన్లు 136కు తగ్గాయి. చిహిరిన్ రాయోన్ రద్దయింది, సుబోతివ్ చెర్కాసీ రాయోన్‌లోని చిహిరిన్ హ్రోమాదలో భాగమైంది. ప్రజలు ఎన్నుకున్న హ్రోమాద మండలి చేతికి ఆదాయపు పన్నులో పెద్ద వాటా, బడులు, రోడ్లు వచ్చాయి. ఊరికి విడిగా మండలి లేకుండా పోయింది, ఇది చిన్న నష్టమేమీ కాదు.

[తెరపై: పల్లె వీధి]

ఆ లోటు తీర్చడానికి తెచ్చిన పదవికి పాత పేరే పెట్టారు: స్తారొస్తా. ఒకప్పుడు రాజు మాటను ఊరికి తెచ్చిన ఆ పేరు గల ఉద్యోగి ఇప్పుడు ఊరి మాటను పైకి తీసుకుపోవాలి. హ్రోమాద అధ్యక్షుడు ప్రతిపాదించిన వ్యక్తిని మండలి ఆమోదిస్తుంది. స్తారొస్తాకు సొంత బడ్జెట్ లేదు. ధ్రువపత్రాల కోసం వచ్చే వారికి సాయపడుతూ, పదవి రీత్యా హ్రోమాద కార్యనిర్వాహక సంఘంలో కూర్చుని, వీధి దీపం మొదలుకొని బడి బస్సు దాకా ఊరి అవసరాలను అక్కడ వినిపించడం ఆ ఉద్యోగి పని.