ఫిల్మ్ మీద ఊరి పేరు

వేదిక మీదున్న డాక్టర్లకి, నన్ను పిలిచిన అసోసియేషన్ వాళ్లకి, ముందు వరసల్లో కూర్చుని ఉన్న డీఎంఐటీ, అంటే స్కానింగ్, ఎక్స్‌రే తీసే చదువు చదువుతున్న పిల్లలకి నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ నాకిచ్చింది పావుగంట, శాలువాల కార్యక్రమంతోనే ఆలస్యమైంది. స్కానింగుల్లో వచ్చిన కొత్త టెక్నాలజీ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతా. కానీ ముప్ఫై నాలుగేళ్లు కనిగిరి, పామూరు జనానికి ఎక్స్‌రేలు తీసినవాణ్ణి, మనసులో ఒకటుంది, అది చెప్పకుండా ఈ స్టేజీ దిగలేను.

ఈ రోజు నవంబరు 8. 1895లో ఇదే రోజు జర్మనీ సైంటిస్టు రాంట్‌జెన్ గారు ఈ ఎక్స్‌రే కిరణాలు కనుక్కున్నారు, ఆ డిసెంబరులోనే భార్య చేతిని ఫోటో తీస్తే ఎముకలూ వేలి ఉంగరమూ కనపడినయి. పేటెంట్ తీసుకోలేదాయన, ఎవరైనా వాడుకోండని వదిలేశాడు. అందుకే కదా మన చిన్న ఊళ్ల దాకా వచ్చింది. 1971లో లండన్‌లో మొదటి సీటీ తీశారు, తర్వాత ఎంఆర్ఐ వచ్చింది, దాంట్లో రేడియేషన్ లేదు, అయస్కాంతంతో పని, వెన్నుపాము, నరాలు, డిస్కులు చూడాలంటే దాన్ని మించింది లేదు. మేం ఎర్రబల్బు కింద ఫిల్మ్‌ని డెవలపర్‌లో ముంచి, ఫిక్సర్‌లో వేసి, హ్యాంగర్‌కి తగిలించి ఆరబెట్టేవాళ్లం, ఇప్పుడు మీరు బటన్ నొక్కిన సెకన్లలో బొమ్మ స్క్రీన్ మీదుంటది, అరగంటలో ఇంకో రాష్ట్రంలో కూర్చున్న డాక్టరు రిపోర్టు పంపిస్తాడు. టీబీ కోసం ఛాతీ ఎక్స్‌రేని కంప్యూటరే చదవొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. ఇవన్నీ మంచివే, నాకు సంతోషమే.

మరి నా బాధేందంటే, మా పెదనాన్న. మెట్ట రైతు, జీవితమంతా బోరు నీళ్లు తాగినోడు. మెడ తిరగదు, పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి, నడుము వంగిపోయింది, రాను రాను కాళ్లలో పట్టు తప్పింది. పెద్ద సిటీలో పెద్ద ఆస్పత్రికి తీసకపోయినారు మా అన్నోళ్లు. సీటీలో ఎముకలన్నీ తెల్లగా సున్నం కొట్టినట్టు కనపడినయ్యి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకిందన్నారు. ఆ క్యాన్సర్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష నార్మల్ వచ్చినా అనుమానం పోలా, బోన్ స్కాన్ అన్నారు, అదీ ఒళ్లంతా నల్లగా వచ్చింది, ఇంకేముంది అన్నారు. రెండు బర్రెలు అమ్మినారు. ఇరవై రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు, మా పెద్దమ్మ ఏడవని పూట లేదు.

క్యాన్సర్ ఇంజక్షన్ మొదలుపెడదామన్న రోజున ఇంకో వార్డు నించి ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చి, ఫిల్ములు ముట్టుకోకముందే, "మీదే ఊరు పెద్దాయనా?" అని అడిగింది. చెప్పినాడు. పళ్లు చూపించమనింది. గారపళ్లు. ముంజేతికి మామూలు ఎక్స్‌రే ఒకటి తీయించింది. రేడియస్, అల్నా రెండెముకల మధ్య పల్చటి పొర ఉంటదే, అది ముళ్లుముళ్లుగా గట్టిపడి ఎముకలాగా కనపడతా ఉంది. ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు. క్యాన్సర్ కాదు. ఫ్లోరైడ్ వల్ల ఎముకా తెల్లగా చిక్కబడతది, బోన్ స్కానూ అట్టాగే వస్తది, క్యాన్సర్‌కీ దీనికీ పోలిక ఉంది, మోసపోవడం తేలికే. ఆ తర్వాతే మెడకి ఎంఆర్ఐ తీస్తే గట్టిపడిన లిగమెంట్, ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ, వెన్నుపామును నొక్కుతున్నట్టు తేలింది. అది పూర్తిగా తగ్గే జబ్బు కాదు, మా పెదనాన్న వంగే నడిచినాడు, కానీ ఇంకో పదకొండేళ్లు నడిచినాడు.

అమ్మా, అయ్యా, ఇండియాలో ఫ్లోరోసిస్ మొదట బయటపడి వైద్య పత్రికకెక్కింది మన నేల నించే, 1937లో. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లానే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపలుండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. మన మెట్ట బోర్లలో అంతకు మించి ఉన్నవి ఎన్నో మీకు తెలుసు, మీ ఇళ్లల్లోనే చూసుంటారు. ఈ హాల్లో ఎంతమంది తాతలు వంగిపోయి ఉండారో చెయ్యెత్తండి. చూశారా.

మా రోజుల్లో ఫిల్మ్ మూలన పేరు, వయసు, ఊరు రాసేవాళ్లం. ఇప్పుడు స్క్రీన్ మీద ఒక నంబరు, ఎం అనో ఎఫ్ అనో అక్షరం. అడ్రస్ గడి ఖాళీ. రిపోర్టు రాసే డాక్టరుకి ఆ మనిషి ఏ నీళ్లు తాగినాడో ఎట్టా తెలుస్తది? కంప్యూటర్‌కి అసలే తెలీదు. పిల్లలూ, మిమ్మల్ని బతిమాలుకుంటుండా, ఆ గడి నింపండి. ఏ ఊరు, ఎన్నేళ్లుగా బోరు నీళ్లు, అంతే, అర నిమిషం. క్యూలో నలభై మంది ఉన్నా అడగండి. రిక్వెస్ట్ ఫారం రాసే డాక్టర్లకి కూడా నా మనవి ఇదే.

బెల్ కొట్టినారు, వింటుండా. ఒక్క నిమిషం. పెదనాన్న చేతి ఎక్స్‌రే తెచ్చినా, ఇదిగో. ముందు వరస నించి వెనక దాకా పోనీయండి, ట్యూబులైటు వైపు పెట్టి చూడండి, ఆ రెండెముకల మధ్య చూడండి. మడత మాత్రం పెట్టబాకండి.