ఫ్రైబుర్గ్ వీధుల్లో పారే నీళ్లు

ప్రిన్సిపాల్ గారికి, నాకు చదువు చెప్పిన మేడమ్‌లకు, సార్లకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం.

వీసా గురించి, ఖర్చుల గురించి చెప్పమని మీలో చాలామంది అడిగారు. అవి తర్వాత విడిగా కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు మాత్రం జర్మనీలో నేను రెండేళ్లు ఉన్న ఊరి గురించి చెప్తాను. ఆ ఊరంటే నాకు ప్రాణం.

జర్మనీకి నైరుతి మూల, బ్లాక్ ఫారెస్ట్ కొండల అంచున ఉంటుంది ఫ్రైబుర్గ్. ఊరు 1120లో పుట్టింది, యూనివర్సిటీ 1457 నాటిది. నేను వెళ్లింది అక్టోబర్‌లో. రైలు దిగి, సూట్‌కేసు లాక్కుంటూ పాత ఊళ్లోకి నడుస్తుంటే నీళ్ల చప్పుడు వినిపించింది. చూస్తే షాపుల ముందు, రోడ్డు వారగా, రాళ్లు పరిచిన ఓ సన్నటి కాలువ. మురుగు కాలువేమో అనుకుని పక్కకు తప్పుకోబోయాను. వంగి చూశాను కదా, నీళ్లు తేటగా, అడుగున రాళ్లు లెక్కపెట్టేలా ఉన్నాయి.

వాటిని అక్కడ బెఖ్లె అంటారు. చిన్న వాగులని అర్థం. డ్రైజామ్ నది నుంచి మళ్లించిన నీళ్లు ఊరి వాలును బట్టి వీధి వీధికీ వెళ్తాయి. మధ్యయుగంలో ఇళ్లకు నిప్పంటుకుంటే ఆర్పుకోవడానికి, పశువులకు తాగించడానికి వాడుకున్న నీళ్లివి. ఇప్పుడు ఫైరింజన్లు వచ్చాయి, వీధుల్లో పశువులూ లేవు. అయినా ఆ కాలువల్ని ఉంచుకున్నారు. 1944 నవంబర్ 27 రాత్రి బాంబులు పడి పాత ఊరు చాలావరకు నేలమట్టమైంది. 116 మీటర్ల గోపురం ఉన్న మ్యున్‌స్టర్ చర్చి మాత్రం నిలబడింది. ఆ చర్చి చుట్టూ మళ్లీ పాత వీధుల జాడల్లోనే ఊరు కట్టుకున్నారు. వందల ఏళ్ల పాత కాలువ పక్కనే ట్రామ్ వెళ్తుంటే చూసిన ప్రతిసారీ నాకు గుండె నిండిపోయేది.

ఒక ఉదయం చూసిన దృశ్యం చెప్పాలి. మున్సిపాలిటీ మనిషి ఒకాయన గట్టి బ్రష్షుతో కాలువ అడుగు రుద్దుతున్నాడు. కాలువ ఎగువ నుంచి ఓ నాలుగేళ్ల పాప, దారం కట్టిన చెక్క పడవను నీళ్లలో లాక్కుంటూ వస్తోంది. ఆయన బ్రష్షు పైకెత్తి పట్టుకుని, పడవ దాటేదాకా అలాగే నిలబడ్డాడు. దాటాక మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఆ రోజు నాకు పరీక్ష, బోలెడు టెన్షన్. అయినా కాసేపు అక్కడే ఉండిపోయాను.

షాపుల గుమ్మాల ముందు రైన్ నది గులకరాళ్లతో నేల మీద బొమ్మలు పొదిగి ఉంటాయి. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "రాళ్లతో ముగ్గులేశారే!" అంది.

మన విజయవాడా నీళ్ల ఊరే కదా! బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, మూడూ ఊరి మధ్యలోంచే వెళ్తాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ రాకముందే, 1855 నాటి ఆనకట్ట రోజుల నుంచీ కృష్ణ నీళ్లు డెల్టా పొలాలకు వెళ్తున్నాయి. ఫ్రైబుర్గ్ కాలువ ఊరికి అందం, మన కాలువ మనకు అన్నం. కృష్ణలంకలో పెరిగిన నేను మాత్రం బందరు కాలువ వంతెన ఎప్పుడూ ముక్కు మూసుకునే దాటాను. తన చిన్నప్పుడు ఆ నీళ్లే బిందెలతో తెచ్చుకుని తాగేవాళ్లమని మా అమ్మమ్మ చెబితే నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

మొన్న జూన్‌లో, కాలువలకు నీళ్లు వదిలిన కొత్తలో, అమ్మా నేనూ వంతెన మీదుగా వస్తున్నాం. అమ్మ చేతిలో కవరు నిండా వాడిపోయిన పూజ పూలు. ఎప్పటిలాగే విసరబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"మరెక్కడ వెయ్యమంటావే? దేవుడి పూలు, తొక్కకూడదు" అంది.

ఆ కవరు ఇంటికి తెచ్చేశాం. పూలు మందార చెట్టు మొదట్లో వేసి, పైన కాస్త మట్టి కప్పాం. అప్పటి నుంచి అమ్మ పూజ పూలన్నీ అక్కడే వేస్తోంది. పక్కింటి పిన్నిగారు కూడా తన కవరు తెచ్చి అమ్మకే ఇస్తున్నారు.